మెరుగు పెట్టిన గుర్రపు బిళ్ళ

“ఇది నాది కాదు” అంది నాగదుర్గ.

వెంకటరత్నం చాపిన చేతిని వెనక్కి తీసుకోలేదు. అరచేతిలో బిళ్ళ తళతళలాడుతోంది. అప్పుడే పెట్టెలోంచి తీసిన పెళ్ళి నగలా పచ్చగా ఉంది.

“నీది కాకపోతే ఇంకెవరిది? తెల్లారగట్ల లేచి షెడ్డుకెళ్ళి మరీ చేసుకొచ్చాను.”

“నాది నల్లగా ఉంటుంది. నాదానికి చిల్లుంటుంది. ఆ చిల్లులో దారం ఉంటుంది. ఇదేదో గిల్టు బిళ్ళ. మీ షెడ్డులో బుట్టల కొద్దీ దొరుకుతాయి ఇలాంటివి.”

“చిల్లు పూడ్చాను. టంకం పెట్టి పూడ్చాను. ఎక్కడుందో చూపించు చూద్దాం. కనిపెట్టావంటే ఈ పని మానేస్తా.”

ఆ మాట ఆయన గర్వంగానే అన్నాడు. చిలకలపూడిలో గిల్టు నగలకు మెరుగు పట్టే పనిలో ముప్పై అయిదేళ్ళ నుంచీ ఉన్నాడు. ఆయన చేతిలోంచి వస్తువు మసకగా బయటికి వెళ్ళిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

నాగదుర్గ తలుపుకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. మంచి చీర కట్టుకుంది. తలలో పూలు పెట్టుకుంది. ఇంకో గంటలో ముగ్గురూ కోడూరు బయల్దేరాలి.

“అమ్మా, ఏడున్నర బస్సు తప్పిపోతే మళ్ళీ...” అంటూ బ్యాగు భుజాన వేసుకుని వచ్చిన ప్రసన్నలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి చేతిలోకి చూసింది. తల్లి ముఖంలోకి చూసింది.

“ఏం చేశావ్ నాన్నా?”

“ఏం చేశానే? పెద్దావిడ ఇంటికి వెళ్తున్నాం. మకిలి పట్టిన గుడ్డముక్కలో చుట్టుకుని వెళ్తే ఏమనుకుంటారు? మెరుగు పట్టేవాడి పెళ్ళాం దగ్గర ఇంత నల్లబిళ్ళా అని నవ్వరూ?”

“నవ్వనీ! ఆ నలుపు చూసే కదా ఆవిడ పోల్చుకోవాల్సింది!” అంది ప్రసన్నలక్ష్మి.

“ముందు కుంకుడురసంలోనే వేశాను. కదల్లేదు. అప్పుడు మెరుగు చక్రం మీద పెట్టాను. గుర్రం వైపు తొందరగానే వచ్చింది. వెనకవైపు ఎవరో గోకినట్టు రెండు గీతలు, లోతుగా. వాటితోనే అరగంట పట్టింది. తీరా చూస్తే వెండి మరీ పాలిపోయినట్టు కనపడింది. అందుకని కాస్త బంగారు కలర్ వేశాను. అంతేగా!”

“ఆ కలర్ తీసెయ్యొచ్చు కదా?”

“తీయొచ్చు. చిల్లు మళ్ళీ పొడవచ్చు.” ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. “చక్రం తినేసింది మాత్రం రాదమ్మా.”

వీధిలో పాలవాడు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

“ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి” అంది నాగదుర్గ. “గుడివాడ నుంచి ఫోనొచ్చింది కాబట్టేనా ఈ పని చేశారు?”

“ఏ ఫోను?”

“బుధవారం. నాగేశ్వరరావు గారి ఫోను. మీరు దొడ్లోకెళ్ళి మాట్లాడారు. స్పీకరు పెట్టుకుని మాట్లాడతారు మీరు. మీకు చెవి సరిగ్గా వినపడకపోయినా మాకు వినపడుతుందని మర్చిపోతారు.”

వెంకటరత్నం బిళ్ళను చొక్కా కొసతో తుడిచాడు. తుడవాల్సింది ఏమీ లేదు.

ప్రసన్నలక్ష్మిని నాగేశ్వరరావు తన కొడుకుకు చేసుకుంటానని మాట అనుకుని నెల కావస్తోంది. ఫోనులో ఆయన అన్నది తక్కువే. ‘మీ ఆవిడ తరఫు వాళ్ళ కోసం వెతుకుతున్నారటగా బావగారూ. కోడూరులో సాయిబుల ఇంట్లో ఆనవాలు దొరికిందటగా. తప్పని కాదు. ముందు అదేదో తేల్చుకోండి, తాంబూలాల సంగతి తర్వాత చూద్దాం.’

“నా పెళ్ళి కోసం అమ్మ బిళ్ళ అరగదీశావా?” అంది ప్రసన్నలక్ష్మి.

“నోర్ముయ్. నేను మెరుగు పెట్టాను. నాకొచ్చింది అదొక్కటే.”

నాగదుర్గ లేచింది. భర్త చేతిలోంచి బిళ్ళ తీసుకుని, ఖాళీ పడిన పాత గుడ్డముక్కలోనే పెట్టి ముడివేసింది.

“పదండి. ఉన్నదే పట్టుకెళ్దాం.”

*

ఉప్పెన వచ్చిన ఏడు, వారం తర్వాత దివిసీమకు అన్నం పొట్లాలు పట్టుకెళ్ళిన లారీలో చిలకలపూడి నుంచి వెళ్ళిన సుబ్బారావు కూడా ఉన్నాడు. తాటిచెట్టు మట్టల్లో చిక్కుకున్న ఏడాదిన్నర పిల్లను అప్పటికే ఎవరో దించి, శిబిరంలో పడుకోబెట్టారు. పిల్ల ఒంటిమీద మొలతాడు, దానికో నల్లబిళ్ళ తప్ప నూలుపోగు లేదు. పిల్ల కోసం ఎవరూ రాలేదు. సుబ్బారావుకు పిల్లల్లేరు. ఎత్తుకొచ్చి నాగదుర్గ అని పేరు పెట్టుకున్నాడు.

పేటలో మాత్రం ఆమె ఉప్పెనపిల్లగానే పెరిగింది. ఎవరి పెళ్ళికి వెళ్ళినా గుమ్మం దగ్గర గోడవారగా కూర్చోవడం చిన్నప్పుడే అలవాటైంది. యాభై ఏళ్ళు వచ్చినా ఆ అలవాటు పోలేదు. సొంత ఇంట్లోనూ అంతే.

మొన్న గుడ్లవల్లేరు కాలేజీ ల్యాబులో ప్రసన్నలక్ష్మి ఫోనులో ఆ బిళ్ళ ఫోటో చూసి, పక్క సీటు షాహీన్ ఉలిక్కిపడింది. “ఈ గుర్రం బిళ్ళ మీకెక్కడిది? మా నాన్న దగ్గర ఇలాంటిదే ఉంది. రెండోది మా అత్తతో పాటు ఉప్పెనలో పోయిందంటారు” అంది. అక్కడ మొదలైంది ఇదంతా.

బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు. అవనిగడ్డలో దిగి ఆటో ఎక్కారు. రోడ్డుకు రెండు వైపులా రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. నాగదుర్గ గుడ్డముడి విప్పి, ఒకప్పుడు చిల్లు ఉన్న చోట గోటితో గీరుతూ కూర్చుంది. కోడూరు వచ్చేదాకా గీరింది. గోరు అరిగింది కానీ చిల్లు దొరకలేదు.

*

షాహీన్ తండ్రి కాలేషా చెరువుల మోటార్లు బాగుచేస్తాడు. ఇంటి ముందు విప్పిన మోటార్లు, తుప్పు పట్టిన రేకులు. గేటు దగ్గరకు ఎదురొచ్చి, “రండి రత్నంగారూ, రండమ్మా” అన్నాడు. మర్యాదకు లోటు లేదు. నవ్వు మాత్రం లేదు.

లోపల కిటికీ పక్కన నవారు మంచం మీద కాలేషా తల్లి ఖైరున్ బీ కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళు. ఒక కంటికి ఆపరేషనైంది, రెండో కంటిని తెల్లటి పొర కప్పేసింది. షాహీన్ అందరికీ కుర్చీలు వేసింది. నాగదుర్గ కుర్చీలో కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మంచం కోడు పక్కన, ముసలామె మోకాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. గోడకు దూరంగా.

వెంకటరత్నం అది చూశాడు.

“దాదీ, వచ్చారు” అంది షాహీన్.

“తెలుస్తోందిలే. పూల వాసనొచ్చింది.” ఖైరున్ బీ చేయి చాపింది. “బిళ్ళ ఇవ్వు తల్లీ. మాటలు తర్వాత.”

నాగదుర్గ గుడ్డ విప్పింది.

కిటికీ వెలుగు పడగానే గది గోడ మీద పచ్చటి మరక ఒకటి కదిలింది. కాలేషా ముందుకు వంగాడు. అతని ముఖం మారిపోయింది.

ముసలామె బిళ్ళను రెండు వేళ్ళ మధ్య తిప్పింది. అంచు చుట్టూ బొటనవేలు పోనిచ్చింది. ఒకసారి, ఇంకోసారి. చిల్లు కోసం వెతుకుతోందని ప్రసన్నలక్ష్మికి అర్థమైంది. తర్వాత వెనక్కి తిప్పి, గోటితో మెల్లగా తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఇది మాది కాదు” అంది.

పొద్దున నాగదుర్గ అన్న మాటే.

“మాదేనమ్మా” అంది నాగదుర్గ. “మా ఆయన మెరుగు పెట్టారు. బాగుంటుందని. ఫోటో ఉంది, పాత ఫోటో. చూపించవే.”

ప్రసన్నలక్ష్మి ఫోను తీసి కాలేషా ముందు పెట్టింది. నల్లటి బిళ్ళ. కత్తి పట్టుకుని గుర్రం మీద రౌతు, గుర్రం కింద అల్లుకుపోయిన వలందా వాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, అక్షరాలు, పైన చిల్లు. కాలేషా చొక్కా లోపల మెడతాడుకు కట్టుకున్న తన బిళ్ళను బయటికి తీశాడు. కాలేషా నానమ్మ పుట్టిల్లు బందరు వలందపాలెం. పెళ్ళికి ఆవిడ తెచ్చుకున్న రెండు బిళ్ళల్లో ఒకటది.

ఫోటో చూశాడు. తన బిళ్ళ చూశాడు. తల్లి చేతిలోని పచ్చబిళ్ళ తీసి పక్కన పెట్టి చూసి, మళ్ళీ ఆమె ఒళ్ళో వేశాడు.

“ఏమనుకోకండి రత్నంగారూ. చిలకలపూడి పని ఇంతకంటే బాగుంటుందని విన్నాను. గుర్రానికి ముక్కే రాలేదు.”

వెంకటరత్నం చెవులు ఎర్రబడ్డాయి. “అచ్చు పోసింది కాదండీ అది. చక్రం మీద అరిగింది.”

“అరిగిందో, అరగనే లేదో. ఇలాంటి గుర్రం బిళ్ళలు నెట్‌లో అమ్ముతున్నారు. ఫోటో ఒకదానికి దింపి, వస్తువు ఇంకోటి తేవచ్చు.”

“నాన్నా!” అంది షాహీన్. “ప్రసన్న అలాంటిది కాదు.”

“ఆ అమ్మాయిని ఎవరన్నారు? సర్కారు ఇళ్ళ స్థలాలు ఇచ్చినప్పుడు ఒకావిడ వచ్చింది, మీ చెల్లెలు జైబున్‌ని నేనే అని. నాలుగు నెలలు మా అమ్మ చేతి అన్నం తిన్నది. మా అమ్మ ఆవిడకి తల దువ్వేది. ఆ తర్వాత ఇంకొకతె. ఇప్పుడు మెరుగు పెట్టిన బిళ్ళ. ఎన్నిసార్లు చచ్చిపోవాలండీ మా చెల్లెలు?”



“రక్తపరీక్ష చేయిద్దాం అంకుల్” అంది ప్రసన్నలక్ష్మి మెల్లగా. “విజయవాడలో చేస్తారట.”

“వద్దు” అంది ఖైరున్ బీ. గొంతు పెంచలేదు. “షాహీన్ కూడా అంది ఆ మాట. వినమ్మా. ఉప్పెన పోయాక పది రోజులు ఆ బురదలో తిరిగాను. ఎంతమంది పిల్లల్ని తిప్పి చూశానో ఆ అల్లాకే తెలుసు. ముఖాలు తెలిసేవి కావు. మొలతాడు చూసేదాన్ని. బిళ్ళ లేకపోతే, ఇది నా బిడ్డ కాదు అనుకుని ముందుకెళ్ళేదాన్ని. ఏ తల్లి బిడ్డనో అలా అక్కడే వదిలేసి వెళ్ళేదాన్ని. అప్పుడు ఏది చూశానో ఇప్పుడూ అదే చూస్తాను. సూదులు గుచ్చి కాగితం ఇస్తే నేను నమ్మలేను.”

ముసలామె నాగదుర్గ తలమీద చేయి వేసింది. వేసిన చేయి తీయలేదు.

“నువ్వు చెప్పు తల్లీ. బిళ్ళ వెనకవైపు ఏముండేది?”

నాగదుర్గ పెదాలు కదిలాయి. “తెలీదమ్మా. ఎప్పుడూ గుర్రం వైపే చూసుకునేదాన్ని. వెనకంతా పసుపూ మకిలీ గట్టిపడిపోయి ఉండేది. గీకితే పోతుందేమోనని భయం. అది తప్ప నాకేమీ లేదు కదా.”

“ఊఁ.” ముసలామె తల ఊపింది. “మెరుగు పెట్టిందెవరు?”

“నేనేనండీ” అన్నాడు వెంకటరత్నం.

“ఏళ్ళ తరబడి చేసే పనేగా నాయనా ఇది నీకు?”

“ముప్పై అయిదేళ్ళు.”

“అయితే చక్రం మీద పెట్టే ముందు వస్తువు తిప్పి చూస్తావుగా?”

“చూస్తామండీ. రెండు వైపులా చూస్తాం.”

“నాకు పిల్లలిద్దరు. ఇద్దరి బిళ్ళలకీ నా చేత్తో, సూది కాల్చి, వెనకాల గుర్తు పెట్టాను. వాడిది వాడికి తెలుసు. పిల్లదానికి ఏం పెట్టానో వాడిక్కూడా చెప్పలేదు. వచ్చిన ఆడవాళ్ళిద్దర్నీ ఇదే అడిగాను. ఒకతె నెలవంక అంది. ఒకతె పేరు అంది.” కనపడే కన్ను వెంకటరత్నం ఉన్న వైపు తిప్పింది. “దీని వెనక ఏం చూశావు నాయనా? నువ్వు చెప్పు. చెప్పింది సరిపోతే నా బిడ్డ నా బిడ్డే. మెరుగు పెడితే ఏమైంది, అల్లుడే కదా పెట్టాడు.”

కాలేషా తన బిళ్ళను గుప్పిట్లో మూసేశాడు.

ఎవరో గోకినట్టు రెండు గీతలు, లోతుగా. ప్రసన్నలక్ష్మికి తండ్రి గొంతు చెవిలో మళ్ళీ వినిపించింది. తల్లి వైపు చూసింది. తల్లీ అదే వింటోందని ఆమె ముఖమే చెప్పింది. నాగదుర్గ భర్త కళ్ళలోకే చూస్తోంది. ఆ ముఖం అంత వెలుగుగా ఉండగా కూతురు ఎప్పుడూ చూడలేదు.

వెంకటరత్నం బొటనవేలు చూపుడువేలి మీద ఆడుతోంది. మెరుగు సరిపోయిందో లేదో చూసుకునేటప్పుడు ఆయన అలాగే చేస్తాడు.

బయట ఎక్కడో మోటారు ఆగిపోయింది. చెరువులో నీళ్ళ చప్పుడూ ఆగిపోయింది.

“ఏమీ లేదండీ” అన్నాడు వెంకటరత్నం. “నున్నగా ఉంది.”

*

ఖైరున్ బీ చేయి నాగదుర్గ తలమీద నుంచి లేచింది. ఒళ్ళోని బిళ్ళను గుడ్డలో చుట్టి, తడుముకుంటూ ముడివేసి ఇచ్చింది.

“అయితే కాదు. నీ తప్పేమీ లేదు తల్లీ. ఎండలో వచ్చారు. అన్నాలు తిని వెళ్ళండి.” ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

పెరట్లో కుళాయి దగ్గర వెంకటరత్నం చేతులు కడుక్కుంటున్నాడు. ఎంతసేపైనా కడుక్కుంటూనే ఉన్నాడు. ప్రసన్నలక్ష్మి వెళ్ళి కుళాయి కట్టేసింది.

“రెండు గీతలు నాన్నా. నువ్వే చెప్పావు పొద్దున.”

“నెమ్మదిగా మాట్లాడు.”

“గుడివాడ సంబంధం కోసమైతే నాకు అక్కర్లేదు. ఇప్పుడే ఫోను చేసి చెప్పేస్తాను. లోపలికెళ్ళి నిజం చెప్పు.”

“నీ సంబంధం కోసం అనుకున్నావా?” ఆయన తడిచేతులు పంచెకు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతున్నాయి. “నిజంగానే బాగుంటుందని మెరుగు పెట్టానే. నీ మీద ఒట్టు. గీతల సంగతి నాకేం తెలుసు? ఇక్కడికొచ్చాకే...”

“ఇక్కడికొచ్చాక ఏమైంది?”

“మీ అమ్మ ఆ మంచం పక్కన ఎలా కూర్చుందో చూశావా? ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. నా ఇంట్లో ఒక్కరోజు అలా కూర్చోలేదు. ఎప్పుడు చూసినా గోడకు ఆనుకుని, ఎవరో లేచి వెళ్ళమంటారన్నట్టు. ఇక్కడికి వచ్చీ రాగానే... ఆ రెండు గీతలూ చెప్పేస్తే ఇక అది నాతో వస్తుందా?”

ప్రసన్నలక్ష్మికి కోపం ఉండాల్సిన చోట ఇంకేదో అడ్డుపడింది. “వస్తుందో రాదో అమ్మని అడిగావా?” అంది.

ఆయన మళ్ళీ కుళాయి విప్పాడు.

“నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను” అని ఆమె వెనుదిరిగింది. తలుపు దగ్గర నాగదుర్గ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో తెలీదు. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే అల్లుకొచ్చిన కథంటారు. నేను చెప్తే ఆశపడ్డాననుకుంటారు. చూసింది ఆయన. ఆయనే చెప్పాలి.”

భర్త వైపు ఆమె చూడలేదు.

అన్నాలు సగం సగం తిని లేచారు అందరూ. చేతులు కడుక్కున్నాక వెంకటరత్నం చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళాడు. ప్రసన్నలక్ష్మి బ్యాగు తీసుకుంది. నాగదుర్గ అరుగు మీద కూర్చుని ఉంది. చెప్పులు వేసుకోలేదు.

“అమ్మా, రా.”

“మీరిద్దరూ వెళ్ళండి.” ఆమె కాలేషా వైపు తిరిగింది. “అన్నగారూ, మా ఆయనకి ఒక మాట గుర్తు రావాల్సి ఉంది. అది వచ్చేదాకా నన్ను ఈ అరుగు మీద ఉండనివ్వండి. లోపలికి రాను. మీ అన్నం తినను.”



“ఆ మొదటావిడ కూడా అరుగు మీదే మొదలెట్టిందమ్మా” అన్నాడు కాలేషా.

నాగదుర్గ తల దించుకుంది. లేవలేదు మాత్రం.

లోపలి నుంచి నవారు మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ ఖైరున్ బీ గుమ్మంలోకి వచ్చింది. ఎండలోకి ముఖం పెట్టి, గేటు ఉన్న వైపు చూసింది.

“ఏం మాట నాయనా అది?”

వెంకటరత్నం చేయి గేటు గడియ మీద ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు. గడియా తీయలేదు.